పోలిష్ స్టోన్‌వేర్: మన పులుపుకీ తాలింపుకీ ఆగుతుందా?

పాలమీగడ రంగు మీద ముదురు నీలం చుక్కలు, నెమలికన్నుల వరసలు. ఎక్కువ వేడికి కాల్చిన గట్టి మట్టిపాత్రలైన పోలండ్ స్టోన్‌వేర్‌ను ఒకసారి చూసినవాళ్లు మళ్లీ ఎక్కడ కనిపించినా గుర్తుపడతారు. విదేశాల్లో ఉన్న పిల్లలు సెలవులకు వస్తూ తెచ్చినవో, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవో విజయవాడ, గుంటూరు ఇళ్లలోకీ చేరుతున్నాయి. అందం విషయంలో వంక పెట్టడానికేమీ లేదు. తేల్చుకోవాల్సింది వేరే ఉంది. చింతపండు పులుసు, నిమ్మకాయ పులిహోర, గోంగూర, ఆవకాయ రోజూ తినే ఇంట్లో వీటి గ్లేజు, అంటే పైనున్న గాజుపూత, ఎంతకాలం ఆగుతుంది? అందులోంచి సీసం, కాడ్మియం అనే విషలోహాలు తిండిలోకి దిగడం లేదని ఎలా నమ్మాలి?

మా తీర్పు ముందే చెబుతాం. సరిగా కాలి, నెర్రె లేకుండా, అడుగున తయారీదారు ముద్ర ఉన్న అసలు సరుకైతే వడ్డనకూ, పెరుగు తోడుకూ, ఓవెన్‌కూ నిశ్చింతగా వాడుకోండి. గ్యాస్ పొయ్యి మీద పెట్టకండి. ఏడాది నిలవ పచ్చడికి మాత్రం ల్యాబ్ రిపోర్టు ఉన్నా వాడొద్దు.

ఈ సరుకు తయారయ్యేది పోలండ్ నైరుతిలో, లోయర్ సైలీషియాలోని బొలెస్వావియెట్స్ అనే ఊళ్లో. 1945 దాకా అది జర్మనీలో ఉండేది, అప్పటి పేరు బుంట్స్‌లౌ. చుట్టుపక్కల దొరికే మట్టి ఎక్కువ వేడికి కూడా కరిగి కూలిపోకుండా గట్టిపడుతుంది. గిన్నెను అచ్చులో పోసి ఆరబెట్టి, సుమారు 850–900 డిగ్రీల దగ్గర ఒకసారి కాలుస్తారు. అప్పుడు చిన్న స్పాంజి ముక్కల్ని ముద్రలుగా కోసి, రంగులో అద్ది, చేత్తోనే డిజైన్ వేస్తారు. ఆ పైన గ్లేజు ద్రవంలో ముంచి మళ్లీ 1200 డిగ్రీలు దాటిన వేడిలో కాలుస్తారు.

భద్రత సంగతి సగం ఈ రెండో కాల్పులోనే తేలిపోతుంది. గ్లేజులో సీసం వేసేది తక్కువ వేడికే కరిగి నున్నగా మెరవడానికి. 1000–1100 డిగ్రీల్లో కాల్చే మెత్తమట్టి పాత్రలకు ఆ ఆశ ఉంటుంది. 1200 దాటితే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం తనంతట తానే కరిగి గాజులా పరుచుకుంటుంది కాబట్టి సీసంతో పని లేదు. బుంట్స్‌లౌలో కూడా మొదట్లో సీసం గ్లేజులు వాడారు. 19వ శతాబ్దం మొదటి సగంలో ఆల్ట్‌మన్ అనే అక్కడి కుమ్మరి ఫెల్డ్‌స్పార్ గ్లేజు వైపు మళ్లించాడు. అందువల్ల పురాతన వస్తువుల అంగట్లో కొన్న గోధుమరంగు పాత కూజా ఎంత ముచ్చటగా ఉన్నా అల్మారాలోనే ఉంచండి, అందులో మజ్జిగ పోయకండి.

ఇక కొనేటప్పుడు చూడాల్సినవి. అడుగున ముద్ర ఉండాలి: పోలండ్‌లో చేత్తో చేసినదన్న మాట, దానితో పాటు కర్మాగారం పేరో గుర్తో. ఆ ఊళ్లో కర్మాగారాలు చాలా ఉన్నాయి, ఎవరి ముద్ర వారిది. యూనికాట్ అని రాసి కింద సంతకం ఉంటే అది చిత్రకారులు కుంచెతో వేసిన ఖరీదైన రకం. దాని ధర పనితనానికే గానీ భద్రతకు కాదు. మామూలు ముద్రల రకానికీ దానికీ మట్టీ గ్లేజూ ఒకటే. ముద్ర లేకుండా ‘పోలిష్ స్టైల్’, ‘పోలిష్ డిజైన్’ అని మాత్రమే రాసి ఉన్నవి పోలండ్‌వి కావు. అవి చెడ్డవని చెప్పలేం కానీ, వాటి మట్టి ఏదో, ఎంత వేడిలో కాల్చారో చెప్పేవాళ్లుండరు.

ముద్రను కూడా గుడ్డిగా నమ్మకుండా డిజైన్‌ను భూతద్దంతో చూడండి. ఫోన్ కెమెరాను దగ్గరగా పెట్టి జూమ్ చేసినా చాలు. స్పాంజి ముద్రల్లో ఒక చుక్కకీ ఇంకో చుక్కకీ ఎడం సరిగ్గా సమానంగా ఉండదు. రంగు ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా ఉంటుంది. వరస మొదలూ చివరా కలిసేచోట రెండు ముద్రలు కాస్త ఇరుక్కునో, ఒకదాని మీద ఒకటి ఎక్కో కనిపిస్తాయి. స్టిక్కరులా అంటించే డెకాల్ అయితే అన్నీ ఒకే అచ్చు, రంగులో సన్నటి అచ్చు చుక్కలు కనబడతాయి. తర్వాత గిన్నెను వాలుగా పట్టుకుని ట్యూబ్‌లైటు ప్రతిబింబాన్ని డిజైన్ మీదుగా జరపండి. గ్లేజు కింద ఉన్న డిజైన్ అయితే ఆ వెలుగు గీత ఎక్కడా తెగకుండా సాగుతుంది. పూవు మీదికి వచ్చేసరికి మెరుపు మారినా, గోరుకు అంచు తగిలినా ఆ రంగు గ్లేజు పైన ఉన్నట్టే. పైన వేసే రంగుల్ని 750–850 డిగ్రీల్లోనే అతికిస్తారు. సీసం, కాడ్మియం తిండికి నేరుగా తగిలే ప్రమాదం ఎక్కువగా ఉండేది ఇక్కడే. అలాంటిదాన్ని, అందులోనూ లోపలివైపు రంగు ఉంటే, తిండికి వాడొద్దు.

రంగుల్లోనూ తేడా ఉంది. ఈ సరుకులో నీలమే ఎక్కువగా కనిపించడానికి కారణం కోబాల్ట్ ఆ వేడిని సులువుగా తట్టుకోవడం. ఎరుపు, నారింజ అంత తేలిక కాదు. ఆ వేడిలో నిలబడేలా కాడ్మియం రంగును జిర్కాన్ అనే ఖనిజపు పొరలో బంధించి వాడే పద్ధతి ఉంది. పొర సరిగా ఉన్నంతవరకు అది బయటికి రాదు. అయినా, లోపలంతా ఎర్రపూలు ఉన్న గిన్నె కొంటుంటే రిపోర్టు అడగడం మీ హక్కు.

ఆ రిపోర్టు ఎలా చదవాలో వివరంగా చెబుతాం, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. యూరప్ పద్ధతిలో పాత్ర నిండా 4 శాతం అసిటిక్ ఆసిడ్ పోసి, 22 డిగ్రీల దగ్గర, చీకట్లో, 24 గంటలు ఉంచి, అందులోకి ఎంత సీసం, ఎంత కాడ్మియం దిగిందో కొలుస్తారు. 1984 నాటి యూరప్ నియమం ప్రకారం లోతైన పాత్రలకు లీటరుకు సీసం 4 మి.గ్రా., కాడ్మియం 0.3 మి.గ్రా. పరిమితి. వంటపాత్రలకూ, 3 లీటర్లకు మించిన నిలవ పాత్రలకూ సీసం 1.5, కాడ్మియం 0.1. లోతు 25 మిల్లీమీటర్లకు మించని పళ్లేలకు లెక్క లీటరుకు కాదు, చదరపు డెసీమీటరుకు: సీసం 0.8, కాడ్మియం 0.07 మి.గ్రా. కాలిఫోర్నియాలో హెచ్చరిక చీటీ అంటించకుండా అమ్మాలంటే గిన్నెలూ కప్పులకు సీసం 0.1 పీపీఎం (ఇక్కడ లీటరుకు మి.గ్రా. అన్నట్టే), పళ్లేలకు 0.226 దాటకూడదు. అంటే గిన్నెల విషయంలో ఆ గీత పాత యూరప్ గీత కంటే 40 రెట్లు కింద ఉంది. ‘యూరప్ ప్రమాణాలకు లోబడింది’ అన్న ముక్క చూసి తృప్తి పడకండి. అంకె అడగండి. మంచి స్టోన్‌వేర్‌కు ఆ అంకె 0.1 కంటే కిందే ఉండాలని పట్టుబట్టడంలో తప్పేం లేదు.

‘గుర్తించబడలేదు’ అని రాసి ఉంటే పక్కనే ఆ ల్యాబ్ యంత్రం ఎంత తక్కువ దాకా పట్టుకోగలదో చూడండి. 0.5 కంటే తక్కువ పట్టలేని పరీక్షలో ‘లేదు’ అని వస్తే దానికి విలువ తక్కువ. పరీక్ష చేసిన వస్తువు, డిజైన్ మీరు కొనేవేనా, రిపోర్టు ఏ ఏడాదిది అన్నవీ చూడాలి. తెల్ల కప్పు మీద చేసిన పరీక్ష ఎర్రపూల జాడీకి సాక్ష్యం కాదు. ఎక్స్‌ఆర్‌ఎఫ్ తుపాకీతో (ఎక్స్‌రేలతో లోహాల్ని పట్టే చేతి యంత్రం) తీసిన రీడింగు చూపించి భయపెట్టేవాళ్లూ, అమ్మేవాళ్లూ ఇద్దరూ ఉన్నారు. అది మట్టిలోనూ గ్లేజులోనూ మొత్తం ఎంత ఉందో చెబుతుంది, తిండిలోకి ఎంత దిగుతుందో చెప్పదు. రంగుమారే స్వాబ్ పుల్లలు గోడ రంగుల్లో ఉండే ఎక్కువ సీసాన్ని పట్టడానికి చేసినవి. పుల్ల ఎర్రబడితే గిన్నె పక్కన పెట్టేయండి. ఎర్రబడకపోతే మాత్రం ఏమీ తేలనట్టే. ఖరీదైన సెట్ కొంటుంటే అందులో ఒక చిన్న కప్పును ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే మన దేశపు సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పంపి, లోహం ఎంత దిగుతుందో కొలిచే లీచింగ్ పరీక్ష చేయించడం అన్నిటికంటే మేలు.

ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది, కానీ దాని హద్దు తెలిసి చేయాలి. గ్లేజు మీద నిమ్మచెక్కను బోర్లించి 24 గంటలు వదిలేయండి. తీసి కడిగి ఆరాక వాలుగా వెలుగులో చూడండి. చెక్క పెట్టినచోట మెరుపు తగ్గినా, రంగు వెలిసినా, గరుకు తగిలినా ఆ గ్లేజు పులుపుకు కరుగుతోందన్నమాట, వదిలేయండి. ఏ మార్పూ లేకపోతే గ్లేజు గట్టిదని మాత్రమే అర్థం, సీసం లేదని కాదు.

సీసం కంటే ఎక్కువ ఇళ్లలో ఎదురయ్యేది నెర్రె. గ్లేజు చల్లారేటప్పుడు లోపలి మట్టికంటే ఎక్కువ కుంచించుకుంటే అది బిగుసుకుపోయి, వెంట్రుకవాసి గీతల వలలా చిట్లుతుంది. కొత్తలో నున్నగా ఉండి నెలల తర్వాత చిట్లడమూ ఉంది. సరిగా కాలని మట్టి గాలిలోని తేమను పీల్చి కాస్త ఉబ్బుతుంది, గ్లేజు ఉబ్బలేదు. కృష్ణా తీరపు ఉక్కపోతలో ఈ రకం లోపం బయటపడే అవకాశం ఎక్కువ. కొత్త గిన్నె అల్మారాలో ఉండగా రాత్రిపూట ‘టింగ్’, ‘టింగ్’ మని సన్నటి చప్పుడు వినిపిస్తే అది నెర్రె విచ్చుతున్న శబ్దమే. నెర్రెలో దిగిన నూనె సబ్బుకు రాదు, కంపు పడుతుంది. పసుపు, కారం ఎర్రటి గీతలై కూర్చుంటాయి.

కంటికి ఆనకపోతే ఇలా చూడండి. పాలు లేకుండా చిక్కగా కాచి చల్లార్చిన టీ డికాక్షన్‌ను గిన్నె నిండా పోసి రెండు గంటలు ఉంచి, పారబోసి, తడిబట్టతో తుడవండి. నెర్రె ఉంటే గోధుమరంగు సాలెగూడు తేలుతుంది. గిన్నె అంచుల దగ్గరా, చెవి అతికినచోటా, అడుగు ఒంపులోనూ ముందు చూడండి. గ్లేజు దళసరిగా చేరే ఒంపులోనే తొలి గీత పడుతుంది.

సూదిమొన రంధ్రాలు ఒకటీ అరా బయటివైపు ఉంటే ఫర్వాలేదు. లోపల, తిండి తగిలేచోట ఉంటే రెండో రకం కింద ధర తగ్గించాలి. గ్లేజు వెనక్కి ముడుచుకుని మట్టి కనిపించే మచ్చ లోపల ఉంటే ఎంత తగ్గించినా కొనొద్దు. అంచున గ్లేజు పెచ్చు లేచే గుణం వీటన్నిటికంటే ప్రమాదం, ఆ పెచ్చు గాజుముక్కే, అన్నంలో కనిపించదు.

మట్టి ఎంత బాగా కాలిందో తూకం చెబుతుంది. గిన్నెను ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టి, చల్లారాక గ్రాము దాకా చూపే వంటింటి కాటా మీద తూచండి. పెద్ద గిన్నెలో అడుగున గుడ్డ పరిచి, చల్లనీళ్లలో మునిగేలా పెట్టి, సన్నసెగ మీద మెల్లగా మరిగించి రెండు గంటలు ఉంచండి. రాత్రంతా ఆ నీళ్లలోనే వదిలి, పొద్దున తుడిచి మళ్లీ తూచండి. 640 గ్రాములది 647 అయితే పీల్చింది 1.1 శాతం, చక్కగా కాలింది. 3 శాతం దాటితే ఆ గిన్నెలో మట్టి ఇంకా పచ్చిగా ఉన్నట్టే. పళ్లెం అడుగు వలయానికి గ్లేజు ఉండదు కాబట్టి నీళ్లు ఎక్కేది ముఖ్యంగా అక్కడి నుంచి. తూచే ఓపిక లేకపోతే, రోజూ కడిగి వాడుతున్న కప్పును ఖాళీగా, పక్కన గాజు గ్లాసుడు నీళ్లు పెట్టి మైక్రోవేవ్‌లో నిమిషం తిప్పండి. నీళ్లు వేడెక్కి కప్పు చల్లగా ఉండాలి. కప్పు చెయ్యి కాలేలా ఉంటే అది నీళ్లు తాగి ఉంది.

వేలి కణుపుతో కొడితే గంటలా కాసేపు మోగాలి. బోన్ చైనా అంత సన్నటి మోత ఆశించకండి, ఇది దళసరి. ‘టక్’ మని ఆగిపోతే ఎక్కడో చీలిక ఉంది.

ఇప్పుడు తాలింపు. మన వంటింట్లో ఈ గిన్నెలు పగిలే తీరు యూరప్ వాళ్ల సూచనల కాగితంలో కనిపించదు. ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగుపచ్చడి గిన్నెలో చిటపటలాడే ఆవాల నూనెను గరిటెతో నేరుగా పోస్తాం. ఆ నూనె వేడి 180 డిగ్రీలకు పైనే, గిన్నె ఉన్నది 5 డిగ్రీల చలిలో. గ్లేజు పై పొర ఒక్కచోట ఒక్కసారిగా సాగుతుంది, చుట్టూ ఉన్నది సాగదు. అక్కడే నక్షత్రంలా నెర్రె పడుతుంది, లేదా గిన్నె నిలువునా చీలుతుంది. పైగా స్టోన్‌వేర్ మట్టి కాలేటప్పుడు క్రిస్టోబలైట్ అనే సిలికా రూపం ఏర్పడి ఉంటే, 220–270 డిగ్రీల మధ్య అది గబుక్కున పరిమాణం మార్చుకుంటుంది. మరీ కాగిన నూనె సరిగ్గా ఆ గీత దగ్గరే ఉంటుంది. కాబట్టి గిన్నెను పావుగంట బయట ఉంచండి. తాలింపు చిటపట ఆగాక, పచ్చడి మధ్యలో పడేలా వేయండి, ఖాళీ గోడ మీద కాదు.

గ్యాస్ మంటా అంతే, అడుగున ఒక వలయం మాత్రం కాలి మిగతాది చల్లగా ఉంటుంది. మంట తగ్గించినా, మధ్యలో ఇనుప పలక పెట్టినా మేము ఒప్పుకోం. ఓవెన్‌లోనూ, ఓటీజీలోనూ మాత్రం ఇది నిజంగా గొప్పగా పనిచేస్తుంది. చుట్టూ ఒకే వేడి, నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగుతుంది, బ్రెడ్ పుడ్డింగ్ అంచులు మాడకుండా మధ్య దాకా ఉడుకుతుంది. ఓటీజీ కడ్డీలకు మరీ దగ్గరగా కాకుండా మధ్య అరలో పెట్టండి. బయటికి తీశాక తడి గ్రానైట్ గట్టు మీద పెట్టొద్దు, మడిచిన పొడిగుడ్డ మీద పెట్టండి. ఓవెన్‌లో బతికిన పళ్లేలు గట్టు మీద పగులుతాయి.

వస్తువుల వారీగా: పెరుగు తోడుకు ఇంతకంటే మంచి గిన్నె లేదు. వేడి నిలుపుతుంది, రుచి మార్చదు, పెరుగు పులుపు గ్లేజును ఏమీ చేయదు. అయితే మే నెలలో త్వరగా పులుస్తుంది, రెండు మూడు గంటలు ముందే ఫ్రిజ్‌లో పెట్టాలి. కాఫీ మగ్గు బాగుంటుంది. భోజనం పళ్లెం మాకు నచ్చలేదు. బరువు, అంచు పల్లం, పులుసన్నం కలిపితే జారుతుంది. దానికి బదులు లోతైన పాస్తా పళ్లెం తీసుకోండి, పులిహోర కలపడానికీ, తినడానికీ సరిపోతుంది. పళ్లెం అడుగు గరుకుగా ఉండి డైనింగ్ టేబుల్ అద్దాన్ని గీస్తుంటే, 400 నంబరు వాటర్ పేపరు తడిపి ఆ వలయాన్ని నాలుగు తిప్పులు రుద్దండి. పొడిగా రుద్దితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

స్టీలు గరిటెలు తగిలి పడే బూడిదరంగు గీతలు చూసి గ్లేజు పోయిందని కంగారు పడొద్దు. గోరు పెట్టి గీరితే తట్టకపోతే అది స్టీలు అంటుకున్న మరకే, తడి వంటసోడా ముద్దతో పోతుంది. గోరు తట్టిందంటే నిజమైన గీత. బోరు నీళ్లతో కడిగే ఇళ్లలో కొన్నాళ్లకు తెల్లటి పొర పడుతుంది. అది సున్నం, నీళ్లలో సగం వెనిగర్ కలిపి పది నిమిషాలుంచితే కరుగుతుంది. స్టీలు పీచు, ఇసుకలాంటి తోముడు పొడి వాడితే మాత్రం మెరుపు తిరిగిరాదు. పనివాళ్లకు ఈ ఒక్క సంగతి ముందే చెప్పి, మెత్తటి స్పాంజి విడిగా ఇవ్వండి.

చివరగా మూత జాడీ. ఆవకాయ కాలంలో మన బజార్లలో దొరికే తెలుపు, గోధుమ జాడీ పక్కన పెట్టి చూస్తే పోలిష్ జాడీకి గ్లేజు సాధారణంగా మరింత నున్నగా, ఒకే మందంలో ఉంటుంది. కానీ మూత కూర్చునే గాడిలో, మూత అంచున గ్లేజు లేకుండా వదిలేస్తారు. పచ్చడి నూనె అక్కడే ఇంకి కంపు పడుతుంది, ఉప్పు దిగి తెల్లగా పూస్తుంది, కొన్నాళ్లకు మట్టి పొడిగా రాలుతుంది. దీనికంటే పెద్ద సంగతి కాలం. పరీక్ష చేసింది 22 డిగ్రీల్లో 24 గంటలు. మన ఆవకాయ 40 డిగ్రీలు దాటే వేసవి నుంచి మళ్లీ వేసవి దాకా అదే గోడకు ఆనుకుని ఉంటుంది, వేడి పెరిగేకొద్దీ గ్లేజులోంచి దిగేదీ పెరుగుతుంది. చింతపండు, నిమ్మ పులుపు ఆ పరీక్ష ద్రవం పులుపుకు ఏమీ తీసిపోదు. అందుకే ఏడాది పచ్చడి గాజు సీసాలోనే పెట్టండి. పోలిష్ జాడీలోకి వారం పది రోజులకు సరిపడా తీసుకుని, గాడి కింద రెండు వేళ్ల ఖాళీ వదిలి, అయిపోయాక కడిగి ఒకరోజు ఎండలో బోర్లించకుండా ఆరబెట్టి మళ్లీ నింపండి.